వైజాగ్‌లో మాగిన చీజ్ మనలాంటి వాళ్లకు అందదన్న మెసేజ్‌కి నా జవాబు

వారం రోజులుగా వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: మాగిన గట్టి చీజ్ అంటే విదేశాల నుంచి వచ్చేదే, కిలో 3,500, వైజాగ్‌లో మామూలు ఇళ్లకు అందదు. ఇక్కడ తక్కువకు దొరికేదంతా నకిలీ. అంతగా కావాలంటే డబ్బాలో చీజ్ పొడి కొనుక్కోండి, రెండూ ఒకటే. ముక్కలో తెల్ల పలుకులు కనిపిస్తే కెమికల్ కలిపినట్టే. మన ఉక్కపోతకు ఎలాగూ నిలవదు. ఇది చదివి మా పక్కింటి వదినగారు, నేను ఇచ్చిన గౌడా (ఒక రకం మాగిన చీజ్) ముక్కను పిల్లలు తింటుండగా లాక్కుని మరీ చెత్తబుట్టలో పడేశారు. అది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ధర సంగతి. కిలో 3,500 పలికే చీజ్ ఉంది, ఆ మాట అబద్ధం కాదు. ఇటలీలో పార్మా, రెజియో ఎమీలియా చుట్టుపక్కల చేసే పార్మిజియానో రెజియానోనే తీసుకోండి, చక్రంలా ఉండే ఒక్కో దిమ్మ దాదాపు 40 కిలోలు ఉంటుంది, దానికి 500 లీటర్లకు పైగా పాలు పడతాయి, కనీసం 12 నెలలు మాగాలి. అంటే కిలోకు సుమారు 13 లీటర్లు. మన దగ్గర పాలు లీటరు 60 అని వేసుకున్నా పాల ఖర్చే 780 రూపాయలు, ఇక ఏడాది పాటు గదిలో పెట్టి, తిప్పుతూ, తుడుస్తూ కాపాడే ఖర్చు వేరే. కాబట్టి కిలో 400కి పార్మెసాన్ (ఈ తరహా చీజ్‌కి వాడుక పేరు) అని ఎవరైనా అమ్మితే నేనూ నమ్మను.

కానీ కిలో ధర చూసి అందదని తేల్చేయడం తప్పు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండు నెత్తళ్లు కొనేటప్పుడు పచ్చి చేప ధరతో పోల్చి గుండెలు బాదుకుంటామా? నీళ్లు పోయాక మిగిలిన సరుకు అది, గుప్పెడు వేస్తే కూర మొత్తానికి రుచి పడుతుంది. ఇదీ అంతే. పార్మెసాన్‌లో నీళ్లు 30 శాతం దగ్గరే ఉంటాయి, ఉప్పదనం కూడా ఎక్కువ, ఇద్దరు తినే పాస్తాకి 20 గ్రాములు తురిమితే చాలు. మెసేజ్‌లో చెప్పిన ధరకే లెక్క వేసినా 70 రూపాయలు. బయట ఒక పిజ్జాకి ఎంత పెడుతున్నామో అందరికీ తెలుసు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి చీజ్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కూడా.

ఇక "ఇక్కడ దొరికేదంతా నకిలీ" అన్న మాట. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే, ఎందుకంటే కొడైకెనాల్‌లో, కూనూర్‌లో, ఆరోవిల్‌లో చీజ్ చేసేవాళ్లు ఎన్నో ఏళ్లుగా కష్టపడుతుంటే ఒక్క వాక్యంతో కొట్టిపారేశారు. పార్మిజియానో రెజియానో నియమం ప్రకారం పాలు విరవడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడాలి. అందుకని శాకాహారం అని తెలిపే పచ్చ చుక్క ఉన్న ప్యాకెట్ మీద పార్మెసాన్ అని ఉంటే అది ఆ ఇటలీ సరుకు కాదు, సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్‌తో అదే పద్ధతిలో చేసింది. దాన్ని నకిలీ అనకూడదు. మన దగ్గర అల్ఫాన్సో మామిడిపండు దొరక్కపోతే బంగినపల్లి నకిలీ అయిపోతుందా?

అసలు తేడా ఎక్కడుందో ప్యాకెట్ వెనక చూస్తే తెలిసిపోతుంది. మాగిన చీజ్‌లో ప్రధానంగా ఉండాల్సినవి పాలు, ఉప్పు, తోడు, రెన్నెట్. ఐఎన్‌ఎస్ 331, 339, 452 లాంటి నంబర్లు (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే గుర్తు సంఖ్యలు) కనిపిస్తే అది కరిగించి మళ్లీ అచ్చు పోసిన ప్రాసెస్డ్ చీజ్. శాండ్‌విచ్‌కి బాగుంటుంది, మన వెతుకులాట దానికోసం కాదు. పామాయిల్ అని ఉంటే పక్కన పెట్టేయండి. ఎన్ని నెలలు మాగిందో అంకె రాసి ఉంటే ఇంకా మంచిది, రాయకపోతే ఫోన్ చేసి అడగండి, చిన్న తయారీదారులు ఓపిగ్గా చెబుతారు.

మేం ఎలా కొంటామో చెబుతాను. ఎంవీపీ కాలనీలో మా నాలుగిళ్లవాళ్లం కలిసి ఒక కిలో బ్లాక్ తెప్పించుకుంటాం. పోయినసారి మన దేశంలో చేసిన ముదురు గౌడా కొరియర్‌తో కలిపి 1,400 అయింది, ఇంటికి 350, రెండు నెలలు వచ్చింది. హోటళ్లకి, బేకరీలకి సరుకు వేసే డిస్ట్రిబ్యూటర్లను అడిగితే వాళ్లలో కొందరు ఇళ్లకూ బ్లాకులు ఇస్తారు. సూపర్ మార్కెట్‌లో తేదీ దగ్గరపడిన ముక్కలు సగం ధరకు పెడతారు చూడండి, వాక్యూమ్ ప్యాకింగ్ ఊడకుండా ఉంటే గట్టి చీజ్ వరకు నేను ధైర్యంగా తీసుకుంటాను. మెత్తటి చీజ్ అయితే తీసుకోను.

డబ్బాలో పొడి, బ్లాకు ఒకటే అంటే ఒప్పుకోను. తురిమి పెట్టాక వాసన పోతుంది, గడ్డ కట్టకుండా చాలావాటిలో సెల్యులోజ్ అనే మొక్కల పీచు పొడి కలుపుతారు, దాని నంబర్ ఐఎన్‌ఎస్ 460. డబ్బా ధరను కిలోకి మార్చి చూసుకోండి, నేను చూసినప్పుడల్లా మా బ్లాకు కంటే ఎక్కువే తేలింది.

తెల్ల పలుకుల విషయానికొస్తే, వదినగారు పారేసింది వాటిని చూసే. చీజ్ నెలల తరబడి మాగుతుంటే అందులోని ప్రోటీన్ విరుగుతుంది, అప్పుడు విడివడే టైరోసిన్ అనే అమైనో ఆమ్లం గట్టిపడి పలుకులవుతుంది. పంటి కింద కలకండ ముక్కలా కరకరమంటుంది. అది బాగా మాగిందనడానికి గుర్తు. చెడ్డార్ అనే మరో రకం చీజ్ పైన తెల్లటి పొరలా కనిపించేది చాలావరకు కాల్షియం లాక్టేట్ అనే లవణం, దాంతోనూ భయం లేదు. బూజు అయితే నూగులా, మెత్తగా ఉంటుంది, గోటితో గీరితే తేడా తెలిసిపోతుంది.

ఆ బూజు పట్టినా గట్టి చీజ్ మొత్తం పారేయక్కర్లేదు, పట్టిన చోటు నుంచి చుట్టూ, లోపలికి ఒక అంగుళం కోసి తీసేస్తే మిగతాది తినొచ్చు. తురుముకి, మెత్తటి చీజ్‌కి ఇది వర్తించదు, వాటిని పారేయాల్సిందే. ఉక్కపోత గురించి అంత టెన్షన్ వద్దు. బటర్ పేపర్‌లో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచితే మా ఇంట్లో రెండు నెలలూ బాగానే ఉంది. పేపర్ చెమ్మగిల్లితే మార్చాలి, ప్లాస్టిక్ కవర్లో బిగించి కడితే మాత్రం చెమట పట్టి పాడవుతుంది. కొరియర్‌లో తెప్పించుకునేవాళ్లు ఏప్రిల్, మే వదిలేయండి. దారిలో వేడికి నూనె కారి వస్తుంది, మేం మళ్లీ తెప్పించేది దీపావళి వెళ్లాకే.