రష్యా అమ్మాయి దివాలా, నగరి మగ్గానికి నీతిపాఠమా?

తిరుపతి, చిత్తూరు బట్టల వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లోనూ, డిగ్రీ విద్యార్థులకు వ్యక్తిత్వ వికాసం బోధించేవారి ప్రసంగాల్లోనూ కొంతకాలంగా ఒక కథ తిరుగుతోంది. దాని సారాంశం ఇది. రష్యాలో ఒక కోటీశ్వరుడు కూతురి ముచ్చట తీర్చడానికి ఫ్యాషన్ బ్రాండు పెట్టించి, అమెరికాలో 12 దుకాణాలు తెరిపించాడు. అనుభవంలేని పదహారేళ్ల పిల్ల నడపడం వల్ల, ఆమెకు ప్రతిభ లేకపోవడం వల్ల అవి నెలల్లోనే మూతపడ్డాయి. ప్రచారాన్ని డబ్బుతో కొన్నారు గానీ కొనుగోలుదారులను కొనలేకపోయారు. కుటుంబం ఆస్తి హరించుకుపోయింది. అదే మన నగరిలోనో శ్రీకాళహస్తిలోనో మగ్గం పక్కన పుట్టిన బిడ్డయితే చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా గెలిచేది. కనుక పిల్లలకు పెట్టుబడి ఇవ్వకండి, పట్టుదల నేర్పండి.

బట్టల దుకాణాల జమాఖర్చులు చూసే వృత్తిలో ఉన్నవాడిగా ఈ కథను పక్కన పెట్టలేకపోతున్నాను. ఇందులో జరిగిన సంగతులు కొన్ని ఉన్నాయి, కానీ వాటికి చెప్పిన కారణాలు తప్పు, వాటి నుంచి తీసిన నీతి మరీ తప్పు.

ముందు జరిగిందేమిటో చూద్దాం. ఆ అమ్మాయి కిరా ప్లాస్తినినా, 1992లో పుట్టింది. తండ్రి సెర్గేయ్ ప్లాస్తినిన్, పాలు, పండ్ల రసాలు అమ్మే విమ్-బిల్-డాన్ అనే పెద్ద రష్యా కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరు. 2007లో, ఆమెకు ఇంకా పద్నాలుగేళ్ల వయసున్నప్పుడు, మాస్కోలో ఆమె పేరుతో తొలి దుకాణం తెరిచారు. ఆ ఏడాదే జరిగిన ఆమె ఫ్యాషన్ ప్రదర్శనకు అమెరికా సెలబ్రిటీ ప్యారిస్ హిల్టన్‌ను రప్పించారు. అందుకు భారీగా డబ్బు ముట్టజెప్పారని అప్పట్లో పత్రికలు రాశాయి. 2008లో న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వంటి నగరాల్లో 12 దుకాణాలు తెరిచారు. ఏడాది తిరక్కుండానే అవన్నీ మూతపడ్డాయి, అమెరికా విభాగం దివాలా చట్టం కింద రక్షణ కోరింది. ఇంతవరకు ఎవరికీ వివాదం లేదు.

“పదహారేళ్ల పిల్ల నడిపింది కాబట్టి మునిగింది” అన్న మాటను చట్టమే ఒప్పుకోదు. మన దేశంలో 1872 నాటి ఒప్పందాల చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు, అలాంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే, అప్పట్లో మన దేశానికి అత్యున్నత న్యాయస్థానమైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో తేల్చింది. అమెరికాలో నియమం కొంత వేరు; అక్కడ మైనరు చేసిన ఒప్పందాన్ని ఆ మైనరే తర్వాత రద్దు చేసుకోవచ్చు. అందువల్లనే బుద్ధి ఉన్న ఏ భవన యజమానీ మైనరు సంతకాన్ని నమ్మి దుకాణం అద్దెకు ఇవ్వడు. పన్నెండు అద్దె ఒప్పందాల మీద సంతకాలు చేసినవారు, సరుకు ఎంత తెప్పించాలో, ఎంతమందిని ఉద్యోగంలోకి తీసుకోవాలో నిర్ణయించినవారు జీతాలు తీసుకునే పెద్దవాళ్లు. ఆమె పేరు బోర్డు మీద ఉంది, ఆమె అభిరుచి దుస్తుల మీద ఉంది, అంతే. పెద్దలు వేసిన తప్పటడుగును ఒక బాలిక ఖాతాలో రాసి, దాన్ని మన బాలికలకు చదివి వినిపించడం నాకు అన్యాయంగానే కాదు, కొంచెం పిరికితనంగా కూడా కనిపిస్తోంది.

“ప్రతిభ లేకపోవడం వల్ల” అన్నది ఆ సందేశంలో అన్నిటికన్నా బలంగా చెప్పిన మాట, అన్నిటికన్నా బలహీనమైన మాట కూడా. ఆమె దుస్తులు గొప్పవని నేను వాదించను. వాటి మంచిచెడ్డలు నిర్ణయించే అర్హత నాకు లేదు. అయితే అవే దుస్తులు రష్యాలోనూ పొరుగు దేశాల్లోనూ అమ్ముడయ్యాయి, అమెరికా దుకాణాలు మూతపడ్డాక కూడా అక్కడి దుకాణాలు ఏళ్ల తరబడి నడిచాయి. ఒకే పేరు, ఒకే అభిరుచి ఒకచోట నిలబడి మరోచోట కూలిందంటే, కారణాన్ని ఆ రెండు చోట్లకూ మధ్య ఉన్న తేడాలో వెతకాలి.

సందేశం రాసినవారు 2008 అన్న అంకెను ఎక్కడా ప్రస్తావించలేదు. 2008 సెప్టెంబరు 15న అమెరికాలోని పెద్ద పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది, ఆ శరదృతువులో అమెరికా కుటుంబాలు బట్టల మీద ఖర్చు బిగించుకున్నాయి. అంతకు ముందు నుంచే ముదురుతున్న మాంద్యానికి దశాబ్దాల అనుభవం ఉన్న దుకాణాలే తట్టుకోలేదు. 1949లో మొదలైన మెర్విన్స్ అనే దుకాణాల గొలుసు 2008 జూలైలో దివాలా రక్షణ కోరి, అక్టోబరు నాటికి సరుకంతా తెగనమ్మి మూసేయాలని నిర్ణయించుకుంది. చవక దుస్తులకు పేరుపొందిన స్టీవ్ అండ్ బ్యారీస్ కూడా అదే జూలైలో దివాలా దారి పట్టింది. వీటిని నడిపినవారు పదహారేళ్ల పిల్లలు కారు. అప్పటికే పేరు స్థిరపడిన దుకాణాలు కూలుతున్న సంవత్సరంలో, ఎవరికీ తెలియని పేరుతో వచ్చిన కొత్త దుకాణం నిలబడి ఉంటే అదే ఆశ్చర్యం అయ్యేది.

ఆర్థిక మాంద్యం ఒక్కటే కారణమని చెప్పినా అది పూర్తి నిజం కాదు. అసలు పొరపాటు, నా అంచనాలో, ఒక్క దుకాణంలో సరుకు కదులుతుందో లేదో చూడకుండానే పన్నెండింటికి అద్దె కట్టడంలో ఉంది. బట్టల వ్యాపారంలో అద్దె, జీతం, కరెంటు అమ్మకంతో పనిలేకుండా నెలనెలా పడే ఖర్చులు. సరుకు మాత్రం కాలం దాటితే విలువ పోగొట్టుకుంటుంది. మన తిరుపతి గాంధీ రోడ్డు వ్యాపారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు, ఎందుకంటే ఉగాదికి తెచ్చి అమ్ముడుపోని చీరను ఆషాఢంలో కొన్న ధరకన్నా తక్కువకు వదిలించుకోవడం ఆయనకు ఏటా ఉన్నదే. ఒక దుకాణంలో మిగిలిన సరుకు పాఠం అవుతుంది, పన్నెండు దుకాణాల్లో ఒకేసారి మిగిలిన సరుకు దివాలా అవుతుంది. ఒక విషయంలో మాత్రం ఆ సందేశం చెప్పింది సరైనదే: ప్రచారాన్ని డబ్బుతో కొనవచ్చు గానీ రెండోసారి వచ్చే కొనుగోలుదారును కొనలేము.

పరాయి దేశంలో ఇలా దెబ్బతిన్నవారిలో పండిపోయిన వ్యాపారులకూ కొదవ లేదు. బ్రిటన్‌కు చెందిన మార్క్స్ అండ్ స్పెన్సర్ 1988లో అమెరికాలోని బ్రూక్స్ బ్రదర్స్‌ను 75 కోట్ల డాలర్లకు కొని, 2001లో 22.5 కోట్లకు అమ్ముకుంది. అమెరికాకు చెందిన టార్గెట్ 2013లో పక్కనే ఉన్న కెనడాలో అడుగుపెట్టి, 133 దుకాణాల దాకా తెరిచి, 2015 జనవరిలో అన్నిటినీ మూసేస్తున్నట్టు ప్రకటించింది. వేగం, దూరం, తెలియని కొనుగోలుదారు, ఈ మూడూ కలిసినప్పుడు యజమాని వయసు ఎంతన్నది పెద్ద విషయం కాదు.

కుటుంబం ఆస్తి హరించుకుపోయిందన్నది కేవలం కల్పన. 2010 డిసెంబరులో పెప్సీకో సుమారు 380 కోట్ల డాలర్లకు విమ్-బిల్-డాన్‌లో 66 శాతం వాటా కొనడానికి ఒప్పందం చేసుకుంది. తండ్రి స్థాపించిన సంస్థకు అంత విలువ పలికిన ఇంట్లో ఆకలి ఉండదు. కూతురు కూడా అవమానంతో కనుమరుగు కాలేదు. తర్వాత లుబ్లూ అనే మరో దుస్తుల శ్రేణిని తన పేరుతోనే తెచ్చింది.

ఇక మగ్గం పక్కన పుట్టిన బిడ్డ సంగతి. ఈ ఖండన రాయడానికి ముఖ్య కారణం ఇదే.

శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల ప్రతిభను శంకించేవారు ఎవరూ లేరు. 2005లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2008లో, అంటే ఆ అమెరికా దుకాణాలు తెరిచి మూసిన ఏడాదే, జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి పద్మశ్రీ లభించింది. కానీ ఆ పని సాగే తీరు చూడండి. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టాలి, చింతపుల్లల బొగ్గుతో గీత గీయాలి, ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన నలుపుతో ఆ గీతను స్థిరపరచాలి, పటిక పట్టించి ఎరుపు తేవాలి, దశలవారీగా పారే నీటిలో ఉతకాలి. పెద్ద వస్త్రానికి వారాలు పడుతుంది. ఈ వారాలన్నీ ఇల్లు గడవాలి, గుడ్డ ముందే కొనాలి, అమ్ముడైన డబ్బు చేతికందేవరకు కాచుకోవాలి. అలా కాచుకోగల స్తోమత లేనివారు వ్యాపారి ఇచ్చిన గుడ్డ మీద కూలికి గీస్తున్నారు. ఈలోగా యంత్రం మీద అచ్చు వేసిన గుడ్డ అదే పేరుతో తక్కువ ధరకు అల్మారాల్లోకి చేరుతోంది.

నగరి, పుత్తూరు మరమగ్గాల పరిస్థితి ఇంతకన్నా మెరుగు కాదు. నూలు కొని దాచుకోగలిగినవారు ధర తగ్గినప్పుడు కొంటారు, కొనలేనివారు వ్యాపారి ఇచ్చిన నూలుతో మీటరుకింత అని కూలికి నేస్తారు, నూలు ధర పెరిగి వ్యాపారి పని ఆపితే మగ్గమూ ఆగిపోతుంది. ఈ ఇళ్లలో పట్టుదలకు కరువు లేదు, లేనిదల్లా పెట్టుబడి. అది అక్కర్లేదని వారి పిల్లలకే ఉపదేశించడం, అందులోనూ తండ్రుల దుకాణాల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుని వ్యాపారం నేర్చుకున్నవారే ఉపదేశించడం, నాకు వింతగా ఉంది. తిరుపతిలో పేరున్న బట్టల దుకాణాల్లో చాలావాటికి మూలం కుటుంబం పెట్టిన సొమ్మే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆ దివాలా నుంచి మన పిల్లలు నేర్చుకోదగినది ఒకటి ఉంది, సందేశం దాన్ని తాకనైనా తాకలేదు. అమెరికా విభాగం వేరే కంపెనీగా ఉండటం వల్ల దాని అప్పు తండ్రి పాల కంపెనీ గడప తొక్కలేదు. అక్కడి దివాలా చట్టం అద్దె ఒప్పందాలను మధ్యలోనే వదులుకునే వీలు కల్పిస్తుంది, భవన యజమాని కోరగల నష్టపరిహారానికి కూడా పరిమితి పెడుతుంది. ఓటమి ఖర్చు ఎంతకు మించకూడదో ముందే గీత గీసి ఆట మొదలుపెట్టారన్నమాట. మన దగ్గర చిన్న మగ్గం యజమాని సొంత పేరు మీదే వ్యాపారం చేస్తాడు, వ్యాపారం అప్పు, ఇంటి అప్పు అన్న తేడా ఉండదు. ముద్ర పథకం కింద పూచీకత్తు లేకుండా రుణం ఇస్తున్న మాట, 2024 బడ్జెట్‌లో పాత రుణం సక్రమంగా తీర్చినవారికి దాని పరిమితిని 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచిన మాట నిజమే, కానీ తీసుకున్నది సొంత పేరు మీద కాబట్టి తీర్చాల్సిన బాధ్యత సొంతంగానే మిగులుతుంది. కంపెనీగా నమోదు చేసుకున్నా, పెద్ద రుణం కావాల్సినప్పుడు బ్యాంకు యజమాని చేత వ్యక్తిగత హామీ సంతకం పెట్టించుకోవడం మామూలే. 2016లో వచ్చిన దివాలా స్మృతి కంపెనీలకు దారి చూపింది. వ్యక్తులకు, భాగస్వామ్య సంస్థలకు సంబంధించిన భాగాన్ని మాత్రం కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారి వరకే 2019 డిసెంబరు నుంచి అమలులోకి తెచ్చారు. సొంత పేరుతో మరమగ్గం నడిపి నష్టపోయిన నగరి మనిషి కోర్టుకు వెళ్లాలంటే ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందనే వెళ్లాలి.