“భయమేటి నీకు” అనేవాళ్లకి ఒక దండం

షాట్‌గన్‌తో క్లే కొట్టడం నేర్చుకుంటున్నానంటే మా ఆమదాలవలసలో సగం మందికి అదేంటో విడమరిచి చెప్పాలి. 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువుండే బుల్లి పళ్లెం లాంటిదాన్ని యంత్రం గాల్లోకి విసురుతుంది, అది కింద పడేలోపు పగలగొట్టాలి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్‌కి వెండి పతకం తెచ్చింది ఈ తరహా ఆటే అంటే అప్పుడు “ఓహో” అంటారు. సరే, నా గోల ఫ్లించ్ గురించి.

దీపావళికి టపాకాయ వత్తి అంటించి, అది పేలకముందే మొహం తిప్పేసుకుంటాం చూడండి, అదే ఫ్లించ్. ట్రిగ్గర్ నొక్కబోయే క్షణంలో ఒళ్లు ముందే ఉలిక్కిపడుతుంది. క్లే హాయిగా వెళ్లి గడ్డిలో పడుతుంది.

మా దగ్గర షూటింగ్ రేంజ్ లేదు. సెలవు దొరికితే విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ పోవాలి. అక్కడ మొదటి రోజే ఒక సీనియర్ ముసిముసిగా నవ్వుతూ లోపల 36 గ్రాముల గుళ్లున్న తూటా ఇచ్చాడు. ట్రాప్ పోటీల్లో, అంటే ఇలా క్లే కొట్టే పోటీల్లో, వాడేది 24 గ్రాములేనని నాకేం తెలుసు? పేల్చగానే గేదె తన్నినట్టయింది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. భుజం నొప్పి నాలుగు రోజుల్లో పోయింది, ఉలికిపాటు మాత్రం ఏడాది దాటినా పోలేదు.

ఈ ఏడాదంతా అందరూ ఇచ్చిన సలహా ఒకటే, “భయపడకు, మగాడివి కాదా?” పళ్లు బిగించి ప్రయత్నించాను. ఇంకా పాడైంది. బిగుసుకున్న భుజానికి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది మరి.

చివరికి ఒక కోచ్ గారు నా తుపాకీ తీసుకుని, నన్ను అటు తిరగమని, తనే తూటా వేసి ఇచ్చారు. క్లే వదలమని “పుల్” అన్నాను. క్లే లేచింది, నొక్కాను. “టిక్” మని చిన్న చప్పుడు, అంతే. లోపల ఉన్నది డమ్మీ తూటా! పేలని తుపాకీకి నా కళ్లు మూసుకుపోయాయి, భుజం ముందుకు తోసింది, బారెల్ జానెడు కిందికి దిగింది. ఫోన్‌లో తీసిన వీడియో చూపించి, “భయం కాదు బాబూ, అలవాటు” అన్నారాయన.

మా జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, క్లీన్ అండ్ జెర్క్ అనే పద్ధతిలో 130 కిలోలు ఎత్తింది. ఆమెకి మొదటి రోజే 130 కిలోలు ఇచ్చి, ఎత్తలేకపోతే నవ్వారా ఎవరైనా? మరి తుపాకీ దగ్గరికొచ్చేసరికి ఈ వెటకారం ఎందుకు? కొత్తవాడికి భారీ తూటా ఇవ్వడం సరదా కాదు, వాడి ఆటని మొదట్లోనే విరగ్గొట్టడం.

ఆ తర్వాత 24 గ్రాములు తప్ప ముట్టుకోలేదు. చెవిలో ప్లగ్గులు, వాటిపైన చెవుల్ని కప్పే మఫ్స్ కూడా. ఈ తుపాకీ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది. మనం దెబ్బకే అదురుతున్నాం అనుకుంటాం గానీ, అందులో చప్పుడు వాటా కూడా ఉంటుంది. కొందరికి ఇవేవీ సమస్య కాదు, క్లే కనబడుతున్నా వేలు గడ్డకట్టిపోతుంది. అలాంటివాళ్లు నొక్కి వదిలితే పేలే రిలీజ్ ట్రిగ్గర్ పెట్టించుకుంటారు. తెలియనివాళ్ల చేతికి అలాంటి తుపాకీ వెళ్తే ప్రమాదం, అందుకే నాకది ఆఖరి దారి.

ఇంటి దగ్గర చీపురు కర్ర భుజానికి ఆనించి, గోడ అంచు వెంబడి కళ్లు తెరిచి తిప్పడం రోజూ ఉంది. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, “ఏటిరా అది, బల్లుల్ని కొడతన్నావేటి?” అంది.

పోయిన నెల 25 క్లేల్లో 16 పగిలాయి. మధ్యలో కోచ్ గారు కలిపిన ఆరు డమ్మీల్లో ఒక్కదానికే బారెల్ ఊగింది. అదీ ఆఖరిది, భుజం అలిసిపోయాక. ఈసారి వెళ్తే అలుపు రాకముందే ఆపేస్తాను, పక్కవాళ్లు ఏమనుకున్నా సరే.