జింక మన టైం చూసుకుని రాదు

అమెరికాలో తెల్లతోక జింకల వేటకు కొత్తగా వెళ్లేవాళ్లకు మొదటి రోజే పెద్ద కొమ్ముల మగజింక దొరుకుతుందన్నట్టు మీ వ్యాసంలో రాశారు. అంత ఆశ పెట్టకండి సార్. సీజన్, లైసెన్సు ఉన్నా అక్కడ ఖాళీ చేతులతో ఇంటికొచ్చేవాళ్లు చాలామంది. గాలి మన వైపు నుంచి దానివైపు వీచిందంటే వాసన పట్టేస్తుంది, మనకు కనబడక ముందే మాయం. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ కదలకుండా కూర్చోవాలి. మాటిమాటికీ ఫోన్ తీసేవాళ్లకు అది కుదిరే పని కాదు.

మాది కర్నూలు. ఇక్కడ కృష్ణజింకను వేటాడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, మంచిదే. (చేలో పడి మేస్తే రైతుకు కడుపు మండుతుంది, అది వేరే సంగతి.) కృష్ణజింకలుండే రోళ్లపాడు అభయారణ్యానికి కెమెరాతో వెళ్లేవాళ్లకూ నేను చెప్పేది ఇదే: మంద దూరంగా కనబడితే చాలనుకోండి. దగ్గరికి నడిస్తే దూకుతూ పోతాయి, ఫొటో కూడా రాదు.