క్రాఫ్టింగ్ గారికి, పర్లాకిమిడి నుంచి

మహారాజరాజశ్రీ క్రాఫ్టింగ్ గారి దివ్యసముఖానికి,

పర్లాకిమిడి నుంచి మీ పాత కూలీ రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేం క్షేమం. మీరు క్షేమమేనని వేరే చెప్పక్కర్లేదు, ఈమధ్య ఏ వీడియో గేమ్ తెరిచినా, దొరికిన సరుకులు కలిపి కొత్త వస్తువు చేయించే క్రాఫ్టింగ్ గారు, మీరే కనబడుతున్నారు.

మీ దగ్గర చాకిరీకి చేరి పన్నెండేళ్లు దాటింది. జీతం లేదు. ఆదివారం సెలవా అంటే, ఆదివారమే పని ఎక్కువ. చెట్లు కొట్టాను, రాళ్లు పగలగొట్టాను, తోళ్లు ఒలిచాను, అడవంతా తిరిగి పుట్టగొడుగులు ఏరాను. ఇంట్లో అమ్మ కొబ్బరికాయ కొట్టమంటే మాత్రం "ఆగమ్మా, పనిలో ఉన్నాను" అన్నాను.

ముందు మీ మంచి చెప్పుకోవాలి. మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో తొలిరోజు నాకింకా గుర్తు. ఉత్త చేత్తో చెట్టును గుద్దితే దుంగ రాలింది. ఒక దుంగకు నాలుగు పలకలు, నాలుగు పలకలకు ఒక బల్ల. బల్ల మీద తొమ్మిది గళ్లు. పై వరసలో మూడు పలకలు పేర్చి, నడి గడిలో ఒక కర్ర, దాని కింద ఇంకో కర్ర పెట్టగానే రాళ్లు పగలగొట్టే పికాక్స్ ప్రత్యక్షం! గళ్లలో పేర్చిన బొమ్మే వస్తువైపోయింది. చుక్కలు పెట్టి ముగ్గు కలిపినట్టు, చూస్తూ చూస్తూ ఆకారం తేలింది. ఆ చెక్క పికాక్స్ 59 దెబ్బలకు విరిగిపోయింది. బాధ లేదు, అప్పటికే చేతిలో రాయి ఉంది, రాతి పికాక్స్ 131 దెబ్బలు తట్టుకుంటుంది. ఏది దేనితో అవుతుందో అప్పట్లో ఆట చెప్పేది కాదు, రెసిపీ పుస్తకం 2017లో గానీ రాలేదు. పాల లెక్క రాసుకునే నోటుబుక్కు చివరి పేజీల్లో గళ్లు గీసుకుని ఎక్కించుకున్నాం. మూడు బకెట్ల పాలు, రెండు చక్కెర, ఒక గుడ్డు, మూడు గోధుమలు కలిస్తే కేకు. మా ఇంట్లో పుట్టినరోజుకు కేకు కోసింది నేను ఇంటర్‌లో ఉండగానే, మీ కేకు అంతకంటే ముందే కోశాను.

మీ మీద ప్రేమ అక్కడ పుట్టింది. మనసు విరగడం ఎక్కడ మొదలైందంటే, మీరు పిలవని పేరంటానికి పోవడం మొదలుపెట్టాక.

స్కైరిమ్ అనే ఆటనే తీసుకోండి. డ్రాగన్లు ఊళ్లు తగలబెడుతున్నాయి, నేనే దిక్కని అందరూ ఎదురుచూస్తున్నారు. నేనేం చేస్తున్నాను? కమ్మరం నేర్చుకుంటున్నాను. ఒక ఇనుప కడ్డీ, ఒక తోలు పట్టీ కలిపితే ఒక బాకు. నైపుణ్యం పెరగాలంటే బాకు మీద బాకు, బాకు మీద బాకు. కొట్టిందే కొట్టి ఆ దేశంలో బాకుల హోల్‌సేల్ వ్యాపారినయ్యాను. తర్వాత వచ్చిన ఒక ప్యాచ్‌తో, అంటే ఆటకు చేసిన సవరణతో, చేసిన వస్తువు విలువను బట్టి నైపుణ్యం పెరిగేలా మార్చారు. అప్పటికి నా బాకుల రాశి నా నడుము దాకా వచ్చింది.

2017లో వచ్చిన జెల్డా ఆటలో వంట మాత్రం బాగుంటుంది. దేనితో ఏది కలిపితే ఏమవుతుందో మనమే వేసి చూసుకోవాలి, పిచ్చి పిచ్చిగా కలిపితే తినబుద్ధి కాని ముద్ద వస్తుంది. కానీ ఒక్కో వంటకం విడివిడిగా వండాలి, ప్రతిసారీ గిన్నె అదే పాట పాడుతుంది. మా అమ్మ ఒక్క బేసినులో పాతికమందికి పులిహోర కలుపుతుందండీ. రాజ్యాన్ని కాపాడే వీరుడికి ఆ మాత్రం బేసిను దొరకలేదా?

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. మా సరిహద్దు జనానికి క్రాఫ్టింగ్ కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మా పర్లాకిమిడి ఒడిశాలో చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం తెలుగు వైపు మిగిలింది. మీ ఆటలో దుంగను పలకలు చెయ్యొచ్చు గానీ పలకల్ని మళ్లీ దుంగ చెయ్యలేం కదా, అదే లెక్క. అప్పటినుంచి మా బతుకంతా రెసిపీలే. ఒక సర్టిఫికెట్ కావాలంటే రెండు ఫొటోలు, మూడు జిరాక్సులు, తాతగారి పేరున్న పాత కాగితం ఒకటి. అన్నీ పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్తే, "ఇది తెలుగులో ఉంది, ఒడియాలోకి మార్పించి తీసుకురండి" అన్నారు. మార్పించి తీసుకెళ్తే స్టాంపు లేదన్నారు. స్టాంపు వేయించుకుని వెళ్తే పది రోజులాగి రమ్మన్నారు. ఈ విషయంలో మీరే నయం, ఒప్పుకుంటాను. ఏం తక్కువైందో ముందే ఎర్ర అక్షరాల్లో చూపిస్తారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మా ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు. పశువుల కొమ్ములతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేస్తారు. మా వీధి చివర ఆ పని చేసే తాత ఒకాయన ఉన్నాడు. మొన్న సాయంత్రం మా మేనల్లుడు ఆయన అరుగు మీద కూర్చుని ఫోన్లో ఆడుతున్నాడు. తెర మీద ఒక గీత మెల్లగా నిండుతోంది.

"ఏట్రా అది?" అన్నాడు తాత.

"కత్తి తయారవుతోంది తాతా."

"మరి నువ్వేటి సేస్తన్నావు?"

"నేనా? సూస్తన్నాను."

తాత ఏమీ అనలేదు. చేతిలోని కొమ్మును నిప్పు మీద తిప్పుతున్నాడు. కాసేపు తిప్పడం, వేలితో నొక్కి చూడడం, మళ్లీ తిప్పడం. ఎక్కువ కాలితే మాడుతుంది, తక్కువ కాలితే వంచగానే విరుగుతుంది. ఒక్క క్షణంలో తీసి రెండు చేతులతో వంచాడు, కొంగ మెడ వచ్చేసింది. మావాడు ఫోన్ పక్కన పెట్టి చూశాడు. గీత నిండిపోయి కత్తి వచ్చినా తిరిగి చూడలేదు.

చేతిపని గొప్పతనం మీద ఉపన్యాసం ఇస్తానని భయపడకండి. నేనూ అదే మూడ్‌లోకి వెళ్లి "ఎంత బాగుందో తాతా, రోజూ ఇలా చేస్తుంటే హాయిగా ఉంటుందేమో" అన్నాను. ఆయన నవ్వాడు. "కొంగైతే బాగుంటాది బాబూ. ఒకే రకం దువ్వెనలు వంద ఆర్డరొస్తే నాకూ కునుకొస్తాది" అన్నాడు.

మీకు ఈ మాట అర్థమైతే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాయాల్సిన పని ఉండేది కాదు. మీరు నాతో కొంగ ఒక్కసారి చేయించి, ఆ తర్వాత జీవితాంతం దువ్వెనలే చేయించారు. మీ వాళ్లలోనే తెలివైనవాళ్లు లేరా? 2015లో వచ్చిన మూడో విచర్ ఆటలో ఔషధం ఒకసారి కాస్తే చాలు. సీసాలు ఖాళీ అయ్యాక ధ్యానంలో కూర్చుంటే అవే నిండుతాయి, సంచిలో ఘాటైన సారా సీసా ఒకటి ఉండాలంతే. ధ్యానమూ సారా ఒకే పూట కుదిరిన చోటు నేను ఇంకెక్కడా చూడలేదు. ఫ్యాక్టోరియో అనే ఆట అయితే ఇంకో అడుగు వేసింది: చేత్తో పది వస్తువులు చేయించి విసుగు పుట్టిస్తుంది, ఆ విసుగుతోనే మనచేత మిషన్లు, బెల్టులు పెట్టిస్తుంది. విసుగును కూడా ముడిసరుకు చేసిన ఘనత దానిది.

ఫోన్ ఆటల్లో మీ అవతారం గురించి ఒక్క ముక్కతో సరిపెడతాను. కత్తికి నాలుగు గంటలు ఆగమంటారు, ఆగలేకపోతే వజ్రాలు కొనమంటారు. తత్కాల్ టికెట్‌కైనా చివర్లో రైలెక్కుతాం.

కోపం వద్దు. రాజీనామా చేయలేదు, రాత్రి మళ్లీ డ్యూటీకి వస్తాను. ఒక్క "అన్నీ ఒకేసారి చెయ్యి" బటన్ పెట్టించండి, చాలు.

ఇట్లు,
మీ పాత కూలీ

తా.క.: నా మూడో పెట్టెలో ఎర్ర పుట్టగొడుగులు 41 ఉన్నాయి. ఎప్పటికైనా పనికొస్తాయని ఏడేళ్లుగా దాచాను. ఖాళీ అయిన ఐస్‌క్రీమ్ డబ్బాలు ఎందుకు దాస్తావని ఇక మీదట అమ్మను అడగను.