మార్కులు పెరిగాయి సరే, ఎవరి వల్ల?

విద్యాశాస్త్రంలో ఎం.ఎడ్., పీహెచ్‌డీ థీసిస్‌లు నాలుగైనా తిరగేసిన వాళ్లకు ఒక వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది. "ప్రయోగ సమూహానికీ నియంత్రిత సమూహానికీ మధ్య సార్థక భేదం ఉంది, కావున ఈ బోధనా పద్ధతి ఫలప్రదం." ప్రయోగ సమూహం అంటే కొత్త పద్ధతిలో చదివినవాళ్లు, నియంత్రిత సమూహం అంటే పాత పద్ధతిలోనే చదివినవాళ్లు, సార్థక భేదం అంటే యాదృచ్ఛికంగా వచ్చిందనుకోలేనంత తేడా. చెన్నైలో రాసినా, తిరుపతిలో రాసినా ఇదే. మారేది పద్ధతి పేరొక్కటే. మొన్నటిదాకా కాన్సెప్ట్ మ్యాపింగ్, నిన్న వీడియో పాఠాలు, ఇప్పుడు ఏఐ. ఫలించని పద్ధతి మాత్రం ఎక్కడో గానీ కనబడదు. ఇన్ని పద్ధతులు ఫలించాక కూడా మన బడులు ఇలాగే ఎందుకున్నాయన్న ప్రశ్నను వైవాలో ఎవరూ అడగరు.

లెక్కల్లో తప్పుందని నేననడం లేదు. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ చూపించిన టీ విలువ (రెండు సమూహాల సగటుల తేడాను తూచే అంకె) సరిగ్గానే ఉంటుంది. గొడవంతా ఆ లెక్కకు ముందు చేసుకున్న ఏర్పాటుతోనే, అంటే పరిశోధన డిజైన్‌తోనే.

చెన్నైలో తెలుగు మీడియం బడి ఒకటి అనుకుందాం. ఏడో తరగతిలో 'ఏ', 'బీ' అని రెండు సెక్షన్లు, ఒక్కోదాంట్లో ముప్పై మంది. పరిశోధకురాలు అనుమతి కోసం వెళ్తే హెడ్మాస్టరు గారు "'ఏ' సెక్షన్ తీసుకోండమ్మా, వాళ్లయితే చెప్పినట్టు వింటారు" అంటారు. ఆమె 'ఏ' సెక్షన్‌కు ఆరు వారాలు వీడియోలతో సైన్సు చెబుతుంది. బీ సెక్షన్‌కు ఎప్పుడూ వచ్చే టీచరే ఎప్పటిలాగే చెబుతారు. చివర్లో పరిశోధకురాలు తయారుచేసిన పేపరే రెండు సెక్షన్లకూ పెడతారు. 'ఏ' సెక్షన్‌కు మార్కులు ఎక్కువొస్తాయి. థీసిస్ పూర్తయిపోతుంది.

వీడియోల వల్లే వచ్చాయా? కావచ్చు. హెడ్మాస్టరు గారు ముందే చెప్పినట్టు 'ఏ' సెక్షన్ మాట వినే పిల్లలది కాబట్టి కూడా కావచ్చు. పేపర్లో ప్రశ్నలు వీడియోల్లోని ఉదాహరణల చుట్టూ తిరిగి ఉండొచ్చు. కొత్త టీచరమ్మ ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తే పిల్లలు కొన్నాళ్లు మహా హుషారుగా ఉంటారు, అది కూడా కలిసే ఉంటుంది. వీటిలో ఏది ఎంతో ఆ డిజైన్ విడదీసి చెప్పలేదు. పూర్వ పరీక్ష పెట్టాం కదా అంటారు. మొదలుపెట్టిన చోటు ఒకటేనా అన్నది పూర్వ పరీక్ష చెబుతుంది. ఎవరు ఎంత వేగంగా ఎదుగుతున్నారో చెప్పదు.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకోటుంది, దాన్ని పరిశోధనకు దారి చూపే గైడ్లు కూడా వదిలేస్తుంటారు. థీసిస్‌లో 'నమూనా పరిమాణం 60' అని రాస్తారు. పద్ధతిని పంచింది సెక్షన్లకు, ఆ సెక్షన్లేమో రెండే. ఆ నెలలో బీ సెక్షన్ టీచరు జ్వరంతో వారం రాకపోతే ముప్పై మంది మార్కులూ ఒక్కసారే పడిపోతాయి. అరవై మంది సాక్షులను బోనెక్కించామనుకుంటాం, వాళ్లంతా ఇద్దరు చెప్పినదాన్నే తిప్పి చెబుతుంటారు. ఇంతా చేసి, 0.01 స్థాయిలో సార్థకం (అంటే పద్ధతి ఏ ప్రభావమూ చూపకపోయినా యాదృచ్ఛికంగా ఇంత తేడా వచ్చే అవకాశం నూటికి ఒకటికి మించదని) అన్న మాట ఆ అరవైని నమ్ముకునే వస్తుంది.

ఇవేవీ కొత్తగా కనిపెట్టినవి కావు. డొనాల్డ్ క్యాంప్‌బెల్, జూలియన్ స్టాన్లీ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1963లోనే ఈ చిక్కులన్నిటికీ పేర్లు పెట్టి జాబితా కట్టారు. మధ్యలో బయట జరిగే సంఘటనలు, పిల్లలు వయసుతో ఎదగడం, పరీక్ష రాసిన అలవాటు, ఎంపికలో తేడా, మధ్యలో మానేసేవాళ్లు, ఇలా. అంతర్గత సప్రమాణత (ఫలితానికి కారణం ఆ పద్ధతేనని నమ్మగలమా అన్నది) పాఠంలో బి.ఎడ్. వాళ్లు కూడా వీటిని చదువుతారు, పరీక్షలో ఐదు మార్కులకు రాస్తారు. రెండేళ్లకు సొంత పరిశోధన మొదలయ్యేసరికి ఆ పాఠం ఏమైపోతుందో తెలీదు.

విద్యలో 'ప్రయోగం' అన్న మాటకు మన చెన్నైలో పాత చరిత్రే ఉంది. ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల కోసం నడిచిన మేల్ అసైలంకు 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతగురువు పర్యవేక్షకుడయ్యాడు. ఇక్కడి వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడట. దాన్ని తన బడిలో పెట్టమంటే టీచర్లు ఒప్పుకోలేదు. పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో అచ్చువేసిన నివేదిక పేరులోనే ఇది మద్రాసులో జరిగిన ప్రయోగం అని పెట్టుకున్నాడు. పక్కన పోల్చి చూడడానికి ఇంకో బడి లేదు, ఉన్నదల్లా తన బడి బాగుపడిందన్న ఆయన మాటే. అయినా 1811లో ఇంగ్లండులో పెట్టిన నేషనల్ సొసైటీ ఆ మద్రాసు పద్ధతినే దేశమంతా నడిపింది. ఒక్క టీచరుతో వందల మందికి చదువు చెప్పొచ్చంటే ఎవరికి చేదు!

పోల్చి చూస్తే అంకె ఎంత మారుతుందో చెప్పడానికి మన కళ్ల ముందే మంచి ఉదాహరణ ఉంది. కరోనా తర్వాత 2021లో తమిళనాడు ప్రభుత్వం ఇల్లం తేడి కల్వి మొదలుపెట్టింది. సాయంత్రాలు వాలంటీర్లు ఇళ్ల దగ్గరే పాఠాలు చెప్పే పథకం. అభిజీత్ సింగ్, మారిసియో రొమేరో, కార్తీక్ మురళీధరన్ అనే ఆర్థికవేత్తలు రాష్ట్రంలోని గ్రామాల్లో దాదాపు 19,000 మంది పిల్లలను పరీక్షించారు. అవే ఊళ్లలో 2019లో అదే వయసున్న పిల్లలతో పోలిస్తే 2021 డిసెంబరు నాటికి లెక్కల్లో 0.7 ప్రామాణిక విచలనాలు (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలమానం), భాషలో 0.34 వెనకబడ్డారు. బడులు తెరిచాక ఆరు నెలల్లోనే ఆ లోటులో మూడింట రెండొంతులు పూడింది.

ఇక్కడే ఆగి, పథకానికి ముందు ఇంత, తర్వాత ఇంత అని పట్టిక వేస్తే మొత్తం ఘనత వాలంటీర్లదే అవుతుంది. మధ్యలో బడులు తెరిచారన్న సంగతి ఆ పట్టికలో ఉండదు. పథకం వాటాను వేరు చేసి చూస్తే, కోలుకున్నదాంట్లో సుమారు 24 శాతం దానిదని తేలింది. ప్రభుత్వ యంత్రాంగం అంత పెద్ద ఎత్తున నడిపిన పథకానికి నాలుగో వంతు తక్కువేం కాదని నా అభిప్రాయం. కానీ నాలుగో వంతుకూ మొత్తానికీ తేడా ఉంది. పైగా ఈ 24 కూడా పథకం ఎవరికి అందాలో లాటరీ తీసి, అందినవాళ్లనూ అందనివాళ్లనూ పోల్చి తేల్చింది కాదు. సాయంత్రం క్లాసుకు వెళ్లిన, వెళ్లని పిల్లల పాత మార్కులను లెక్కలోకి తీసుకుని వేసిన అంచనా. పాత మార్కుల్లో కనబడని తేడాలేవైనా ఉంటే ఆ అంకె కదులుతుంది.

లాటరీ తీస్తే ఏమవుతుందో చూడాలంటే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కే వెళ్లాలి. 2008లో మొదలైన అధ్యయనంలో పల్లెటూరి పిల్లలకు ప్రైవేటు బడిలో చేరడానికి ఓచర్లను (ఫీజు బదులు చెల్లే చీటీలను) లాటరీ ద్వారా ఇచ్చారు. మామూలుగా చూస్తే ప్రైవేటు బడి పిల్లల మార్కులు చాలా మెరుగు. లాటరీలో గెలిచినవాళ్లనూ ఓడినవాళ్లనూ పోలిస్తే నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగు, లెక్కల్లో తేడా లేదు. ఇన్నాళ్లూ బడి గొప్పతనం అనుకున్నది చాలావరకు ఇంటి గొప్పతనమన్నమాట. ప్రభుత్వ బడుల్లో అప్పుడు చెప్పని హిందీలో మాత్రం గెలిచినవాళ్లు బాగా ముందున్నారు. తలకు అయ్యే ఖర్చు చూస్తే ప్రైవేటు బడిది ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. సర్కారు బడి పక్షం వాళ్లు మొదటి ముక్క పట్టుకుంటారు, ప్రైవేటు పక్షం వాళ్లు చివరి ముక్క. ఏం కొలిచారో ఓపిగ్గా చూసేవాళ్లకు మూడూ కావాలి.

కొలవడం సంగతికొస్తే, చెన్నై తెలుగు పిల్లల దగ్గర అది మరీ జారుడు వ్యవహారం. ఉత్తర చెన్నైలో ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ట్యూషన్లో ఇంగ్లీషుగా పెరిగే పాపకు ఇలాంటి లెక్క ఇస్తారు: "ఒక రైతు వద్ద 48 బస్తాల ధాన్యము కలదు. వాటిని 6 బండ్లలో సమానముగా నింపిన, ఒక్కొక్క బండికి ఎన్ని బస్తాలు?" పాప తెల్లమొహం వేస్తుంది, సున్నా పడుతుంది. అదే పాపను నలభై ఎనిమిదిలో ఆర్లెన్ని అని నోటితో అడిగితే టక్కున చెప్పవచ్చు. అప్పుడు మనం కొలిచింది భాగహారమా, పుస్తకాల తెలుగా? నిర్మాణ సప్రమాణత అంటే ఈ ప్రశ్నే. క్రాన్‌బాక్, మీల్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1955లో దీని మీద పెద్ద చర్చ నడిపారు. మన థీసిస్‌లు మాత్రం క్రాన్‌బాక్ పేరుతో ఉన్న ఆల్ఫా (ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతున్నాయో చెప్పే అంకె) దగ్గరే ఆగిపోతాయి. ఆల్ఫా 0.8 వచ్చింది, టూల్ ప్రామాణికం అని రాసేస్తారు. ప్రశ్నలన్నీ కలిసికట్టుగా ఒకదాన్నే కొలుస్తున్నా, ఆ ఒక్కటి మనకు కావలసినదే అని ఆల్ఫా హామీ ఇవ్వదు.

ఒక చోట తేలింది ఇంకోచోట నిలబడుతుందా అన్నది ఇంకో తగాదా. కెన్యాలో కాంట్రాక్టు టీచర్లను పెట్టే ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో స్వచ్ఛంద సంస్థ, కొన్నింట్లో ప్రభుత్వం నడిపాయి. సంస్థ నడిపినచోట పిల్లల మార్కులు పెరిగాయి, ప్రభుత్వం నడిపినచోట కదల్లేదు. పద్ధతి ఎంత మంచిదైనా నడిపేవాళ్లు మారితే ఫలితం మారుతుంది.

ఇదంతా చేయాలంటే కోట్లు కావాలి అనుకోనక్కర్లేదు. 2006 తమిళ అభ్యసన చట్టంతో బడుల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి అయ్యాక, ఇక్కడి తెలుగువాళ్లలో పిల్లలకు వారాంతపు తెలుగు క్లాసులు నడిపేవాళ్లున్నారు. అలాంటి క్లాసులో సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువొస్తే చీట్లు తీయవచ్చు. చీటీ తగలని వాళ్లను తర్వాతి విడతలో చేర్చుకుంటామని చెప్పి, ఏడాది చివర ఇద్దరికీ ఒకే పరీక్ష పెడితే చాలా థీసిస్‌ల కంటే గట్టి డిజైన్ అవుతుంది. ఎవరికీ అన్యాయం జరగదు.

వార్షికోత్సవంలో స్టేజీ మీద గడగడా పద్యం చదివే పిల్లలను చూపించి క్లాసు ఫలించిందనడం మాత్రం కుదరదు. వాళ్లు చివరిదాకా మిగిలినవాళ్లు. జూన్‌లో చేరి దసరాకే మానేసిన పిల్లలు కూడా లెక్కలో ఉండాలి. పల్లె పిల్లలు ఎంత చదవగలరో, లెక్కలు చేయగలరో చూసే, 2005 నుంచి నడుస్తున్న అసర్ సర్వే పిల్లలను వెతుక్కుంటూ బడికి కాకుండా ఇళ్లకు వెళ్లేది అందుకే, బడికి రాని పిల్లలు బడిలో దొరకరు కాబట్టి. తెలుగు క్లాసు నడిపేవాళ్లు కూడా మానేసిన పిల్లల ఇళ్లకు ఫోన్ చేసి, ఓ ఆదివారం వెళ్లి, అదే పేపరు వాళ్ల చేతా రాయించాలి. ఎందుకు మానేశారో వాళ్ల అమ్మానాన్నలను అడిగి రాసుకోవడం కూడా ఆ రోజే అయిపోతుంది.