అకారణంగా మోగే అలారం ఎవరికి కాపలా?

రాత్రిపూట కారు అలారం మోగితే ఇరుగుపొరుగు ఎవరూ బయటికి రారు, మళ్లీ మొదలైందని విసుక్కుంటారు. నాలుగు రాత్రులు ఇలాగే గడిస్తే యజమాని కూడా విసిగిపోయి కారుకు తగిలే దెబ్బను పసిగట్టే సెన్సర్ సున్నితత్వాన్ని పూర్తిగా తగ్గించేస్తాడు, లేదా అలారం పనిచేయకుండా ఆపి ఉంచే వ్యాలే మోడ్‌లో పెట్టి వదిలేస్తాడు. ఇక ఆ కారుకు మిగిలేది రిమోట్ తాళం ఒక్కటే. అలారం కొనేటప్పుడు సైరన్ ఎంత గట్టిగా మోగుతుందని అడుగుతారు గానీ, సెన్సర్ ఎక్కడ బిగిస్తారని అడిగేవారు తక్కువ. నా ఉద్దేశంలో మొదట అడగాల్సింది అదే.

షాక్ సెన్సర్ అనే ఈ సెన్సర్‌ను డాష్‌బోర్డ్ ప్లాస్టిక్‌కు డబుల్ టేపుతో అంటిస్తే ఎండ వేడికి జిగురు సడలుతుంది. అప్పుడు పక్కనుంచి లారీ వెళ్లినా సెన్సర్ అదురుతుంది. స్టీరింగ్ కాలమ్ దగ్గరున్న గట్టి లోహపు బ్రాకెట్‌కు స్క్రూలతో బిగించాలి. సెట్టింగ్ అన్నిటికన్నా తక్కువ దగ్గర మొదలుపెట్టి, అలారం ఆన్ చేసి, సెన్సర్ పనిలోకి దిగేదాకా అర నిమిషం ఆగి, తలుపుల మధ్య స్తంభాన్ని అరచేత్తో తట్టి చూడాలి. రెండు దశల సెన్సర్ అయితే ఓ మోస్తరు దెబ్బకు నాలుగైదు హెచ్చరిక కూతలు, గట్టి దెబ్బకు పూర్తి సైరన్ రావాలి. సెట్టింగ్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ నాలుగు వైపులా తట్టి చూడాలి. ఒక్క వైపే చూసి సరిపెట్టుకుంటే రెండోవైపు మొద్దుబారి ఉండొచ్చు.

ఇంత చేసినా మోగుతుంటే షాక్ సెన్సర్ ప్లగ్ తీసేసి ఒక రాత్రి చూడండి. అప్పుడూ మోగితే ముందుగా అనుమానించాల్సింది బానెట్ స్విచ్, తర్వాత డోర్ స్విచ్‌లు. తడి, దుమ్ము చేరి లోపల తుప్పు పడితే మూసి ఉన్న బానెట్ కూడా తెరిచినట్టే అలారానికి కనిపిస్తుంది. మెలిపెట్టి ఇన్సులేషన్ టేప్ చుట్టిన వైరు జాయింట్లు, పెయింట్ గీకకుండా బిగించిన ఎర్త్ వైరు కూడా ఇలాగే సతాయిస్తాయి.

బ్యాటరీ లెక్క కూడా వేసుకోవాలి. అలారం నిరంతరం 20 మిల్లీఆంపియర్లు తీసుకుంటే రోజుకు దాదాపు అర ఆంపియర్-అవర్. నెలపాటు కారు కదలకపోతే 45 ఆంపియర్-అవర్ బ్యాటరీలో మూడో వంతు దానికే పోతుంది.

దొంగ బండి నడపకుండా అలారం ఇంజన్‌ను అడ్డుకునే ఇంజన్ కట్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. అందుకోసం కరెంటును తెంచే స్విచ్ లాంటి రిలేను స్టార్టర్ వైరుకే పెట్టించుకోవాలి. ఇంధన పంపు వైరుకు పెడితే, ఆ రిలే చెడిన రోజు నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్ బూస్టర్ సాయం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. స్టార్టర్ రిలే చెడితే బండి స్టార్ట్ కాదు, అంతే.

రిమోట్ నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ పద్ధతి మంచిదే, కానీ అభేద్యం కాదు. 2015లో భద్రతా పరిశోధకుడు శామీ కమ్కర్ చూపించిన పరికరం, యజమాని పంపిన సిగ్నల్ కారుకు చేరకుండా అడ్డుకుంటూనే ఆ కోడ్‌ను రికార్డు చేసుకుంటుంది. యజమాని రెండోసారి నొక్కితే మొదటి కోడ్‌ను కారుకు పంపి, రెండోదాన్ని దాచుకుంటుంది. అందుకే తొలిసారి పని చేయకుండా రెండోసారి పనిచేస్తే, కొంచెం పక్కకు జరిగి మళ్లీ నొక్కాలి. ఆ కొత్త కోడ్ కారుకు చేరితే దాచుకున్నది చెల్లదు. ఉత్త జామర్ పెట్టి తాళమే పడకుండా చేసేవాళ్లూ ఉంటారు కాబట్టి, ఇండికేటర్లు వెలిగాయా అని చూసి, హ్యాండిల్ లాగి మరీ కదలాలి.

రిమోట్ సెల్ అయిపోయిన రోజు మామూలు తాళంచెవితో తలుపు తీస్తే చాలా సిస్టమ్‌లలో సైరన్ మొదలవుతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి కొద్ది సెకన్లలో వ్యాలే బటన్ నొక్కితే ఆగుతుంది. ఎన్నిసార్లు నొక్కాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఆ బటన్‌ను డాష్‌బోర్డ్ కింద ఎక్కడ దాచారో, అలారం బిగించిన రోజే మెకానిక్‌ను అడిగి చేత్తో తడిమి చూసుకోవాలి.