రెండు డంక్‌లకే స్టార్ అయిపోతాడా?

ఈ మధ్య ఎవరితో బాస్కెట్‌బాల్ మాట్లాడినా చిరాకే. మన టీమ్ సెంటర్, అంటే బాస్కెట్ దగ్గర కాపలా కాసేవాడు, ఎన్ని పాయింట్లు కొట్టాడు, ఎన్ని బ్లాక్‌లు చేశాడు (ఎదుటివాళ్ల షాట్లు ఎన్ని ఆపాడు), అంతే లెక్క. నిన్న మ్యాచ్‌లోనే చూడండి, ఎదుటి గార్డు లోపలికి దూసుకొచ్చి, రిమ్ (బాస్కెట్ రింగు) కింద మనవాడు చేతులెత్తి నిలబడటం చూసి, షాట్ మానేసి బంతి బయటికి విసిరేశాడు. అది స్కోరుషీట్‌లో ఎక్కడ పడుతుంది? పడదు. స్క్రీన్ పెట్టి, అంటే ఎదుటివాడికి అడ్డంగా నిలబడి, తోటివాడికి దారి ఇచ్చినా అంతే. పైగా మా వాడొకడు "ఇతను దండగ" అని తీర్పు ఇచ్చేశాడు, అదీ ఫోన్లోంచి తల ఎత్తకుండా!

ఇక మన టీమ్‌లోని ఆ పంతొమ్మిదేళ్ల కుర్రాడి సంగతి. రెండు డంక్‌లు కొడితే (ఎగిరి బంతిని రింగులోకి కుక్కితే) కాబోయే సూపర్‌స్టార్, మర్నాడు ఆరు ఫౌల్స్‌తో బయటికెళితే పనికిరాడు. అరే, అమెరికా లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఉంటుంది కదా, 2014లో అందులో నికోలా యోకిచ్ అనే సెంటర్‌ని 41వ స్థానంలో తీసుకున్నారు, తర్వాత మూడుసార్లు ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడు. 2007లో, తర్వాత పెద్ద స్టార్ అయిన కెవిన్ డ్యురాంట్‌ని కాదని మొదట తీసుకున్న గ్రెగ్ ఓడెన్‌ని పాపం మోకాళ్లే ముంచాయి. జీతాలు తీసుకుని ఎవడు పైకొస్తాడో అంచనా వేసేవాళ్లకే అందని లెక్క ఈ ఫ్యాన్స్‌కి రెండో క్వార్టర్‌లోనే తేలిపోతుంది.

కుర్రాడికి ఇంకా డిఫెన్స్‌లో ఎక్కడ నిలబడాలో కూడా సరిగ్గా తెలియదు బాబూ, కాస్త ఊపిరి తీసుకోనివ్వండి.